వాడిన లగ్జరీ సెడాన్లలో యాంత్రిక లోపాలు

మెర్సిడెస్ బెంజ్ ఇ క్లాస్, ఎస్ క్లాస్, బీఎండబ్ల్యూ 5, 7 సిరీస్‌లు, ఆడి ఎ6, ఎ8, జాగ్వార్ ఎక్స్‌జె, లెక్సస్ ఎల్ఎస్ వంటి కార్లను లగ్జరీ సెడాన్లు అంటారు. కొత్తలో వీటి ధర చాలామందికి అందదు. పదేళ్లు గడిచేసరికి అదే కారు ఒక చిన్న కొత్త కారు ధరకే సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది. తోలు సీట్లు, చప్పుడు లేని ప్రయాణం, ఆరు సిలిండర్ల పికప్ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే కారు ధర పడిపోయినట్టు దాని స్పేర్ పార్టుల ధర పడిపోదు. పది లక్షలకు కొన్న కారుకైనా, ఒకప్పటి అరవై లక్షల కారు విడిభాగాన్నే కొనాల్సి వస్తుంది. బేరం చౌకగా కుదిరిందనుకున్నవారికి ఏడాది తిరక్కుండా ఖర్చు తడిసి మోపెడయ్యేది ఇక్కడే.

ఈ కార్లలో ఇంజన్ బ్లాకు, క్రాంకు, గేర్ల వంటి బరువైన ఇనుప, అల్యూమినియం భాగాలు సాధారణంగా గట్టివి. ముందు పాడయ్యేవి వాటి చుట్టూ ఉండే రబ్బరు, ప్లాస్టిక్, ఆయిల్ సీళ్లు, సెన్సార్లు, మార్చకుండా వదిలేసిన ఆయిళ్లు. వీటిని కిలోమీటర్ల కన్నా ఏళ్లే ఎక్కువగా తింటాయి, వేడి ఇంకా ఎక్కువగా తింటుంది. అందుకే పదేళ్ల కారు ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందని అమ్మేవారు చెబితే అది గొప్ప సంగతేమీ కాదు. ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన కారు కన్నా, లక్ష కిలోమీటర్లు తిరిగి ప్రతి సర్వీసు బిల్లూ దాచుకున్న కారు నయం.

మెర్సిడెస్ 1995లో పూణె దగ్గర ఇ క్లాస్ తయారీ మొదలుపెట్టింది. బీఎండబ్ల్యూ చెన్నై ప్లాంటు 2007లో తెరుచుకుంది. ఆడి కూడా ఆ ఏడాదే ఔరంగాబాద్‌లో కార్ల కూర్పు ప్రారంభించింది. ఇవాళ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సెకండ్‌హ్యాండ్ బజారుల్లో తక్కువ ధరకు కనిపించే లగ్జరీ సెడాన్లు ఎక్కువగా 2007 తరవాతి దశాబ్దానివే. ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు ఆ తరానివి, దానికి కాస్త ముందు తరానివి.

గాలి సస్పెన్షన్

1998లో వచ్చిన డబ్ల్యూ220 తరం ఎస్ క్లాస్‌లో మెర్సిడెస్ ఉక్కు స్ప్రింగులు తీసేసి ఎయిర్‌మ్యాటిక్ అనే గాలి సస్పెన్షన్ పెట్టింది. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు తిత్తులు, వాటిని నింపే ఎలక్ట్రిక్ కంప్రెసర్, ఏ తిత్తికి ఎంత గాలి పోవాలో పంచే వాల్వు బ్లాకు, కారు ఎత్తును కొలిచే సెన్సార్లు ఇందులోని ముఖ్య భాగాలు. డి3 తరం ఆడి ఎ8, 2003లో వచ్చిన ఎక్స్350 తరం జాగ్వార్ ఎక్స్‌జె కూడా నాలుగు చక్రాలకూ గాలినే నమ్ముకున్నాయి. 2008 నుంచి 2015 వరకు వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్ పొడవాటి మోడళ్లలో వెనక రెండు చక్రాలకే గాలి తిత్తులుంటాయి.

తిత్తి రబ్బరు మడత పడే చోట ఏళ్లు గడిచేకొద్దీ సన్నని పగుళ్లు వస్తాయి. మొదట గాలి చాలా నెమ్మదిగా పోతుంది. రాత్రి సమంగా నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూలన కుంగి కనిపిస్తుంది. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ ఆ లోటు పూడుస్తుంది కాబట్టి యజమాని పట్టించుకోడు. రోజూ రెండు మూడు రెట్లు ఎక్కువసేపు తిరిగిన కంప్రెసర్ వేడెక్కి కొన్నాళ్లకు కాలిపోతుంది. దాని రిలే అతుక్కుపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి ఇంకా త్వరగా చేతులెత్తేస్తుంది. ఈ వరస తెలియని షెడ్డులో కంప్రెసర్ ఒక్కటే మార్చి పంపిస్తారు. చిల్లు పడిన తిత్తి అలాగే ఉంటుంది కాబట్టి కొత్త కంప్రెసర్‌కూ అదే గతి.

దీన్ని పరీక్షించడానికి స్కానర్ కూడా అక్కర్లేదు. ముందు రోజు సాయంత్రం సమతలమైన నేల మీద కారు ఆపించి, ప్రతి చక్రం నడిబొడ్డు నుంచి ఫెండర్ అంచు వరకు టేపుతో కొలిచి రాసుకోవాలి. మర్నాడు ఉదయం కారు స్టార్ట్ చేయకముందే మళ్లీ కొలవాలి. ఒక మూల వేలెడు కుంగినా ఆ తిత్తికో, దాని గొట్టానికో, వాల్వు బ్లాకుకో లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు చల్లితే బుడగలు ఎక్కడ వస్తున్నాయో తెలుస్తుంది. అమ్మేవారు కారును స్టార్ట్ చేసి, కాసేపు నడిపి, ఎత్తు సరిగ్గా ఉన్నప్పుడు మాత్రమే చూపిస్తుంటే ఈ పరీక్ష ఇంకా అవసరం.

కొత్త తిత్తుల ధర ఎక్కువ కాబట్టి అమెరికాకు చెందిన ఆర్నాట్ వంటి కంపెనీలు వేరే రకాలు తయారుచేస్తున్నాయి. అవి పేరున్నవైతే వాడుకోవచ్చు. గాలి వ్యవస్థను పూర్తిగా పీకేసి ఉక్కు స్ప్రింగులు బిగించడం మరో పద్ధతి. బండి నడుస్తుంది గాని డ్యాష్‌బోర్డు మీద హెచ్చరికను అణచిపెట్టాల్సి వస్తుంది, ఆ కారును కొనడానికి కారణమైన మెత్తదనమూ పోతుంది. అలా మార్చిన కారుకు ధర బాగా తగ్గించి అడగడం న్యాయం.

1999లో సీఎల్ కూపేతో మొదలై ఎస్ క్లాస్ పెద్ద ఇంజన్ల మోడళ్లకు వచ్చిన యాక్టివ్ బాడీ కంట్రోల్ సంగతి వేరు. అది గాలితో కాదు, సుమారు 200 బార్ పీడనంలో ఉండే హైడ్రాలిక్ ఆయిల్‌తో పనిచేస్తుంది. పంపు, గొట్టాలు, అక్యుములేటర్లు అన్నీ ఖరీదే. ఆ వ్యవస్థ బాగు చేసిన అనుభవమున్న మెకానిక్ దగ్గరలో లేకపోతే ఆ కారు జోలికి పోకపోవడమే మంచిది.

ఆటోమేటిక్ గేర్‌బాక్స్

గేర్‌బాక్స్ ఆయిల్ కారు జీవితకాలం సరిపోతుందన్న కంపెనీల ప్రచారం ఈ కార్లకు చేసిన హాని అంతా ఇంతా కాదు. 1996లో వచ్చిన మెర్సిడెస్ 722.6 అనే ఐదు గేర్ల ఆటోమేటిక్‌కు మొదట అలాగే చెప్పారు. ఆయిల్ కొలిచే గొట్టం ఉంటుంది గాని లోపల పుల్ల ఉండదు. మూత తీసి చూడాల్సిన పని యజమానికి లేదన్న ధీమా అది. మరోవైపు బీఎండబ్ల్యూ, ఆడి, జాగ్వార్‌లకు గేర్‌బాక్స్‌లు చేసి ఇచ్చే జెడ్ఎఫ్ కంపెనీ, తన ఆటోమేటిక్‌లకు 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో, ఎనిమిదేళ్లకో ఆయిల్ మార్చమని సిఫారసు చేస్తుంది. తయారుచేసినవారి మాటనే నమ్మాలి. కొనబోయే కారుకు ఈ ఆయిల్ మార్చిన బిల్లు లేకపోతే, ఆ ఖర్చును ధరలోంచి తగ్గించుకోవాలి.

722.6లో రెండు చిన్న విషయాలు పెద్ద నష్టం చేస్తాయి. గేర్‌బాక్స్‌లోకి వైర్లు వెళ్లే చోట పదమూడు పిన్నుల ప్లగ్గు ఒకటుంటుంది. దాని రబ్బరు రింగులు గట్టిపడితే ఆయిల్ బయటికి కారడమే కాదు, వైరు లోపలి సందుల గుండా పైకి పాకి కంట్రోల్ యూనిట్ దాకా చేరుతుంది. రింగులతో సహా ఆ ప్లగ్గు ఖరీదు చాలా తక్కువ, పాడయ్యే యూనిట్ ఖరీదు చాలా ఎక్కువ. ఆ యూనిట్ కనెక్టర్‌ను ఊడదీసి ఆయిల్ జిడ్డు ఉందేమో చూడటం అయిదు నిమిషాల పని. రెండోది లోపలి కండక్టర్ ప్లేట్. దాని మీది స్పీడు సెన్సార్లు పోతే కారు ఒకే గేరులో ఇరుక్కుని నత్తనడక నడుస్తుంది. 2003లో వచ్చిన ఏడు గేర్ల 722.9లోనూ ఈ సెన్సార్ల జబ్బు ఉంది. అక్కడ కంట్రోల్ యూనిట్ కూడా గేర్‌బాక్స్ లోపలే ఉండటంతో ఖర్చు ఇంకా పెరుగుతుంది.

2000ల మొదట్లోని కొన్ని మెర్సిడెస్‌లలో రేడియేటర్ లోపల ఉండే గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్ పగిలి, కూలెంట్‌లోని గ్లైకాల్ గేర్‌బాక్స్‌లో కలిసేది. క్లచ్ ప్లేట్ల జిగురును అది కరిగించేస్తుంది. ఆ కాలపు కారు కొంటుంటే రేడియేటర్ ఎప్పుడు మార్చారో అడగాలి.

2001లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో రంగంలోకి దిగిన జెడ్ఎఫ్ ఆరు గేర్ల 6హెచ్‌పీ గట్టి యంత్రమే. దాని ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టరు అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపే మార్చాలి. వైర్ల స్లీవు దగ్గర, గేరు మార్పులను నడిపే మెకాట్రానిక్ యూనిట్ సీళ్ల దగ్గర లీకులు వస్తాయి. ఆ తరవాతి ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ ఈ తరగతిలో అన్నిటికన్నా నమ్మదగింది. ఆడి ముందు చక్రాల డ్రైవు మోడళ్లలో వాడి 2014లో ఆపేసిన మల్టీట్రానిక్ సీవీటీ మాత్రం నిదానంగా వెళ్లేటప్పుడు కుదుపులిస్తుంటే వదిలేయాల్సిందే.

ఇంజన్: లీకులు, వేడి, చైన్లు

పాత జర్మన్ ఇంజన్ పూర్తిగా పొడిగా కనిపిస్తే ముందు రోజు వాటర్ వాష్ చేయించారేమో అడగాలి. వాల్వు కవరు ప్యాకింగ్, ఆయిల్ ఫిల్టరు హౌసింగ్ ప్యాకింగ్ బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల ఇంజన్లలో తప్పకుండా చెమరుస్తాయి. ఇవి భయపడాల్సినవి కావు, లెక్కలో వేసుకోవాల్సినవి. మెర్సిడెస్ ఓఎం642 అనే వీ6 డీజిల్ కథ వేరు. ఈ 350 సీడీఐ ఇంజన్లో ఆయిల్ కూలర్ రెండు సిలిండర్ వరసల మధ్య లోయలో కూర్చుంటుంది. దాని సీళ్లు వేడికి గట్టిపడి ఆయిల్ వెనక వైపు కారుతుంది. సీళ్ల ఖరీదు ఏమంత కాదు. అక్కడికి చేరడానికి టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డులు అన్నీ విప్పాలి కాబట్టి కూలి మాత్రం భారీగా అవుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట కింద ఆయిల్ కనిపిస్తే క్రాంకు సీలు అనుకుని ఊరుకోకుండా పైన ఈ కూలర్‌ను కూడా చూపించుకోవాలి.

కూలింగ్ వ్యవస్థలో ప్లాస్టిక్ ఎక్కువ. బీఎండబ్ల్యూ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, థర్మోస్టాట్ హౌసింగ్ పెళుసుబారి చెప్పకుండా పగులుతాయి. ఎన్52 మొదలు చాలా బీఎండబ్ల్యూ ఇంజన్లలో నీటి పంపు బెల్టుతో కాక కరెంటు మోటారుతో తిరుగుతుంది. అది ఉన్నట్టుండి ఆగిపోతుంది. మండువేసవిలో రామగుండం, విజయవాడ వంటి చోట్ల ట్రాఫిక్‌లో అది ఆగితే సిలిండర్ హెడ్ వంగిపోయేదాకా వెళ్లకుండా వెంటనే ఇంజన్ ఆపేయాలి. లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు పంపు మార్చినట్టు రుజువు లేకపోతే ముందే మార్పించుకోవడం తెలివైన పని.

బీఎండబ్ల్యూ వీ8 ఎన్62లో వాల్వు స్టెమ్ సీళ్లు గట్టిపడి ఆయిల్ సిలిండర్లలోకి జారుతుంది. ఇంజన్ వేడెక్కాక పది పదిహేను నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగ కమ్ముకొస్తుంది. తరవాతి ఎన్63 వీ8లో టర్బోలను రెండు సిలిండర్ వరసల మధ్యే పెట్టడంతో అక్కడి వేడికి గొట్టాలు, సీళ్లు, ఇంజెక్టర్లు దెబ్బతిన్నాయి. 2014 చివర్లో బీఎండబ్ల్యూ అమెరికాలో ఈ ఇంజన్ కోసం ప్రత్యేకంగా మరమ్మతుల ప్యాకేజీ ప్రకటించాల్సి వచ్చింది. ఎంత చవకగా వచ్చినా తొలి ఎన్63 కారు కొనమని సలహా ఇవ్వలేం.

లోహ భాగాలు గట్టివన్న మాటకు మినహాయింపులూ ఉన్నాయి, అవి తెలుసుకోకుండా కొనడం ప్రమాదం. 2004లో వచ్చిన మెర్సిడెస్ ఎం272 వీ6 తొలి ఇంజన్లలో బ్యాలెన్స్ షాఫ్ట్ గేరు మెత్తటి లోహంతో చేయడం వల్ల పళ్లు అరిగిపోయాయి. దాని అన్న ఎం273 వీ8లో ఐడ్లర్ గేరుది అదే జబ్బు. బాగు చేయాలంటే ఇంజన్ దించాలి. మన దేశంలో అమ్ముడైన ఇ 280, ఎస్ 350 వంటి పెట్రోల్ కార్లలో ఈ ఇంజన్లే ఉన్నాయి కాబట్టి 2008కి ముందరి కారైతే ఇంజన్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీసు సెంటర్లో విచారించాలి.

బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్ రెండో మినహాయింపు. 2007 నుంచి 520డి వంటి కార్లలో వచ్చిన ఈ నాలుగు సిలిండర్ల ఇంజన్లో టైమింగ్ చైను ముందు వైపు కాక వెనక, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. తొలి ఏళ్ల ఇంజన్లలో చైను, గైడ్లు త్వరగా అరిగేవి. చైను తెగితే వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజనే పోతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి, వెనక గోడ వైపు చెవి పెట్టాలి. గరగరమని గొలుసు రాసుకున్నట్టు చప్పుడు వస్తే బేరం అక్కడితో ఆపేయాలి. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్‌లో చైను వెనకే ఉన్నా దాని అసలు తలనొప్పి తొలి ఏళ్లలో వాడిన పీజో ఇంజెక్టర్లు. వాటిని తరవాత వేరే రకంతో మార్చారు. 2009 నుంచి 2011 మధ్య వచ్చిన ఆడి 2.0 టీఎఫ్ఎస్ఐ ఇంజన్లు పిస్టన్ రింగుల లోపం వల్ల ఆయిల్ తాగుతాయి. అటువంటి కారును కొన్ని వందల కిలోమీటర్లు నడిపి ఆయిల్ మట్టం చూసుకోగలిగితే మంచిది.

డీజిల్ పొగ వ్యవస్థ

పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు, డీపీఎఫ్ అనే మసి ఫిల్టరు హైవే మీద తిరిగే కార్లలో బాగానే పనిచేస్తాయి. రోజూ నాలుగు కిలోమీటర్లు ఆఫీసుకు పోయి వచ్చే కారులో అవి మసితో పూడుకుపోతాయి, ఎందుకంటే మసి కాలేంత వేడి సైలెన్సర్‌లో పుట్టదు. ఈజీఆర్ కూలర్ లీకు ఇంకా ప్రమాదకరం. 2018లో దక్షిణ కొరియాలో 520డి కార్లు వరసగా తగలబడినప్పుడు కారణం అదేనని తేలి, బీఎండబ్ల్యూ లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. మీ కారు ఏదైనా రీకాల్ జాబితాలో ఉందేమో, ఆ పని పూర్తయిందేమో ఛాసిస్ నంబరుతో తెలుసుకోవచ్చు. డీపీఎఫ్‌ను లోపల డొల్ల చేసి సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చిన కార్లూ బజారులో ఉన్నాయి. అవి కొనవద్దు.

బ్రేకులు, బుష్‌లు, వైరింగ్

డబ్ల్యూ211 ఇ క్లాస్‌లో 2002 నుంచి 2006 వరకు ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు ఉండేది. పెడల్ తొక్కినన్ని సార్లూ పంపు యూనిట్ లెక్కపెడుతుంది, నిర్ణీత సంఖ్య దాటాక మార్చమని హెచ్చరిస్తుంది. 2004లోనే మెర్సిడెస్ దాదాపు 6.8 లక్షల కార్లను దీని కోసం వెనక్కి పిలిచింది, 2006 మార్పుల్లో ఈ వ్యవస్థనే తీసేసింది. 2006 తరవాతి డబ్ల్యూ211 దొరికితే అదే తీసుకోవాలి.

లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, వంగిన అల్లాయ్ చక్రాలు మన రోడ్ల మీద మామూలే. బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే వీటినీ చూడాలి.

నీళ్లు ఎలక్ట్రానిక్స్‌కు మొదటి శత్రువు. అద్దం కింద ఆకులు పడే చోట, సన్‌రూఫ్ మూలల్లో నీళ్లు బయటికి పోయే సన్నని గొట్టాలుంటాయి. చెట్టు కింద నిలిపే కారులో అవి పూడుకుపోతే నీళ్లు లోపలికి దిగుతాయి. పాత ఆడి ఎ4, ఎ6లలో కంట్రోల్ మాడ్యూళ్లు కార్పెట్ కిందే ఉంటాయి, బీఎండబ్ల్యూ 5, 7 సిరీస్‌లలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది. కార్పెట్ ఎత్తి కింద స్పాంజి నొక్కి చూడాలి. చెమ్మ తగిలితే, బయటికి కనిపించని వైరింగ్ జబ్బులు దాని వెంట ఉంటాయి. బ్యాటరీ మార్చినప్పుడు బీఎండబ్ల్యూ కంప్యూటర్‌కు ఆ సంగతి నమోదు చేయాలి. అది చేయని షెడ్డుల వల్ల కొత్త బ్యాటరీ త్వరగా పోతుంది.

ఈ జబ్బుల మధ్య లెక్సస్ ఎల్ఎస్ 400 గురించి చెప్పుకోవాలి. 1989లో వచ్చిన ఈ కారుకు కూడా పవర్ స్టీరింగ్ పంపు లీకై ఆల్టర్నేటర్ మీద కారడం, ఇన్‌టేక్ మానిఫోల్డు కింద దాచిన స్టార్టర్ మోటారు పాడవడం వంటి తెలిసిన లోపాలున్నాయి. అయినా దాని వీ8 ఇంజన్, టైమింగ్ బెల్టు వేళకు మారిస్తే, దశాబ్దాలపాటు పనిచేస్తుంది. ఎలక్ట్రానిక్స్ తక్కువున్న కారు ఎక్కువ కాలం మన్నుతుందనడానికి అది మంచి సాక్ష్యం.

మన బజారులో

పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ గడువు దగ్గరపడిన డీజిల్ లగ్జరీ కార్లు తక్కువ ధరకు ఎన్‌ఓసీతో దక్షిణాదికి చాలా వచ్చాయి. వీటిలో ఎక్కువ భాగం ఊళ్లో ట్రాఫిక్‌లో నడిచినవి కాబట్టి ఈజీఆర్, డీపీఎఫ్, గేర్‌బాక్స్ ఇంకా జాగ్రత్తగా చూడాలి.

వరద కార్లు మరో సమస్య. 2015 డిసెంబరు చెన్నై వరద, 2020 అక్టోబరు హైదరాబాద్ వరద, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన వరద, ప్రతిసారీ వేలాది కార్లు మునిగాయి. సీటు బెల్టును చివరిదాకా లాగితే బురద మరక కనిపిస్తుంది. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, హెడ్‌లైటు లోపల మట్టి గీత అబద్ధమాడవు. సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ కార్లలో, ముఖ్యంగా డబ్ల్యూ210 ఇ క్లాస్‌లో, ముందు స్ప్రింగు కూర్చునే చోట తుప్పు పట్టిందేమో కింద నుంచి చూడాలి. అది ఊడితే చక్రం మీద కారు కూలబడుతుంది.

మీటరు తిప్పిన కార్లను పట్టుకోవడం ఒకప్పటి కన్నా తేలికే. కిలోమీటర్ల లెక్క మీటరులో ఒక్కచోటే కాక ఇతర యూనిట్లలోనూ ఉంటుంది. చాలా బీఎండబ్ల్యూలలో రెండు లెక్కలు సరిపోకపోతే డిస్‌ప్లేలో ఎర్ర చుక్క వెలుగుతుంది.

కొనేముందు మెర్సిడెస్‌కు జెంట్రీ, బీఎండబ్ల్యూకు ఇస్టా, ఆడికి ఓడిస్ అనే కంపెనీ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ ఉన్న చోట పూర్తి స్కాన్ చేయించాలి. చవక స్కానర్లు ఇంజన్ కోడ్లు మాత్రమే చదువుతాయి, సస్పెన్షన్, గేర్‌బాక్స్ యూనిట్లలో దాగినవి చూపవు. కోడ్లన్నీ కొద్ది రోజుల కిందే చెరిపేసినట్టు కనిపిస్తే అది కూడా సమాచారమే. స్కాన్ అయ్యాక కారును లిఫ్టు మీదికి ఎక్కించి కింద వైపు అంతా చూడాలి. కారు ధరలో పది పదిహేను శాతం మొదటి ఏడాది మరమ్మతులకు పక్కన పెట్టుకోగలిగినవారే ఈ కార్లు కొనాలి. రాత్రంతా నిలిపి తెల్లారి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయనివ్వని, లిఫ్టు మీదికి ఎక్కించనివ్వని అమ్మకందారు దగ్గర మాత్రం, ధర ఎంత తగ్గించినా, కొనవద్దు.